వాయినికోరోలో గులాబీ రంగు గిటారు

ఫిజీ రాజధాని సువాలోని ఒక వాద్యాల దుకాణంలో నేను సీనియర్ సేల్స్‌మన్‌ని. హార్మోనియంల మీద దుమ్ము నాకంటే ముందు ఎవరూ దులపకూడదన్నదే ఆ సీనియర్ మాటకు అర్థం. ఉకులేలీ తీగ తెగినా, తబలా తోలు చిరిగినా మా సేఠ్ ముందుగా నన్నే వాయిస్తాడు కాబట్టి, షాపులోని వాద్యాల్లో నన్ను కూడా కలుపుకోవచ్చు.

ఆ ఏడు దీపావళికి కొద్ది వారాల ముందు సేఠ్ చేతికి సిడ్నీ నుంచి ఒక సంగీత పత్రిక వచ్చింది. పాత ఎలక్ట్రిక్ గిటార్లకు అమెరికాలో పలుకుతున్న ధరలు చదివి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. మనిషికి వయసు పైబడితే పెన్షను వస్తుంది. గిటారుకి పైబడితే లారీ కొనగలిగేంత ధర వస్తుందట. అయితే ఒక షరతు ఉంది. ఫ్యాక్టరీలో వేసిన రంగు చెక్కు చెదరకూడదు. అందులోనూ నడుమ తేనెరంగుతో మొదలై అంచులకు పోయేకొద్దీ నల్లబడే రకానికి మహా గిరాకీ.

సరిగ్గా అలాంటి గిటారే ఉత్తరాన వేరే దీవిలోని వాయినికోరో పల్లెలో అప్పల నాయుడు అనే పెద్దాయన దగ్గర ఉందని మాకు తెలిసింది. ఫిజీకి స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో ఆయన పెళ్ళి బ్యాండులో వాయించేవాడు. అప్పటి నలుపు తెలుపు ఫోటో ఒకటి ఎవరో చూపిస్తే, నల్లటి అంచులు చూసి సేఠ్ లేచి నిలబడ్డాడు.

"అది తెచ్చావంటే లౌటోకాలో తెరవబోయే షాపుకి నువ్వే మేనేజరువి" అన్నాడు.

ఆ సాయంత్రానికే మా ఆవిడ లౌటోకాలో సముద్రపు గాలి తగిలే ఇళ్ళ గురించి నలుగురినీ అడగడం మొదలుపెట్టింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. నాయుడుగారి పక్కింటికి ఫోన్ చేసి ఆయన్ని పిలిపించాను. "ఆవో బేటా! గిటార్ ఏక్‌దమ్ నయా లాగ ఉంది" అన్నాడాయన, ఇక్కడి పాత తెలుగువాళ్ళలా సగం హిందీలో. ఊరి పేరు చూస్తేనే వాయించమని కోరుతున్నట్టుంది కదా, శుభశకునం అనుకున్నాను.

సాయంత్రం ఆరింటికి సువా రేవులో ఓడ ఎక్కాను. డెక్కు టికెట్టే కొన్నాను, కేబిన్‌కి సేఠ్ ఒప్పుకోలేదు. గిటారు తేవడానికి ఖాళీ పెట్టె ఒకటి నా చేతిలో ఉంది. పక్కన చాప పరుచుకుని కూర్చున్న ఒక ఫిజియన్ పెద్దావిడ ఆ పెట్టె చూసి పాట పాడమంది. ఇది ఖాళీ అని చెప్పాను.

"ఖాలీ హై తో తాలా కాహే?" అంది. ఖాళీ అయితే తాళం ఎందుకట.

పాడటం చేతకాక దాస్తున్నానని ఆవిడ తీర్మానించి, తన దగ్గరున్న ఉడికించిన కర్రపెండలం ముక్క ఒకటి జాలిగా నా చేతిలో పెట్టింది.

తెల్లవారాక సావుసావు రేవులో దిగి, రొట్టె, కూర, టీ ముగించి లంబాసా బస్సెక్కాను. కిటికీలకు అద్దాలు లేవు. వాన వస్తే దించుకోవడానికి టార్పాలిన్లు ఉన్నాయి, వాన వచ్చాక దిగనివి. కొండలు దాటి లంబాసా చేరేసరికి పది దాటింది. ఊరంతా చక్కెర మిల్లు వాసన, చెరకు లారీల వరస. బస్టాండు దగ్గర పప్పన్నం, చేపల కూర తిని మధ్యాహ్నం వాయినికోరో బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వెళ్ళేవారు ఎడమవైపు కూర్చోండి, దుమ్ము కుడివైపు వాళ్ళకి ఎక్కువ.

పక్క సీటులోని చెరకు రైతుకి నా పని చెప్పాను.

"అప్పల్ భయ్యా గిటారా? బహుత్ సుందర్! అచ్ఛా, అచ్చం వాళ్ళ ఘర్ లాగే ఉంటుంది" అన్నాడు.

ఇంటితో పోల్చారంటే ఎంత గొప్ప గిటారో అని మురిసిపోయాను.

బస్సు దిగి చూస్తే నాయుడుగారి ఇల్లు కొత్త గులాబీ రంగుతో, పచ్చటి కిటికీలతో మెరిసిపోతోంది. ఇక్కడ దీపావళి వస్తోందంటే ఇంటికి రంగు పడాల్సిందే. బనియను నిండా గులాబీ చుక్కలతో ఆయనే ఎదురొచ్చాడు. ముందు వేరు దంచి నీళ్ళలో కలిపిన యంగోనా తాగాలి, తర్వాతే మాటలు. నాలుగు కొబ్బరి చిప్పలు తాగేసరికి నాలుక మొద్దుబారింది. అప్పుడు ఆయన భార్య, ఊరందరూ ఆజీ, అంటే నానమ్మ, అని పిలిచే ఆవిడ, దుప్పటిలో చుట్టిన గిటారు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

దుప్పటి తీశాను.

ఒళ్ళంతా గులాబీ రంగు. తీగల కింది పలక పచ్చ. ఇంకా సరిగా ఆరలేదు కూడా, నా బొటనవేలు అంటుకుంది. ధ్వని పెంచే బొత్తం ఉండాల్సిన చోట దగ్గుమందు సీసా మూత ఉంది. నా గుండెల్లో లౌటోకా గాలి ఠక్కున ఆగిపోయింది.

"తాతా, ఈ రంగు...?"

"మొన్ననే వేసినా. నువ్వు వస్తా అంటివి కదా, మెహమాన్‌కి మురికి గిటార్ చూపిస్తామా? హర్ దివాళీకి ఘర్, పూజ పీట, గిటార్, సబ్ ఏకే పెయింట్!"

ఒక్క ఆశ మిగిలింది. అడుగున అసలు రంగు ఉందేమో! అనుమతి అడిగి, గిటారు వెనక ఒక మూల నాణెంతో గీకాను. గులాబీ కింద నీలం వచ్చింది. నీలం కింద పసుపు. దాని కింద లేత పచ్చ.

"ఈ పచ్చ తుఫాన్ సాల్‌ది" అంది ఆజీ. "ఘర్ ఎగిరిపాయె, గిటార్ మిగిలె."

"నహీ, పెద్దదాని షాదీ సాల్‌ది" అన్నాడు తాత.

"షాదీకి క్రీమ్ కలర్! నీకు షాదీ యాదే లేదు, ఎవరి షాదీ అయినా."

ఆవిడ చెప్పినట్టే తర్వాత క్రీమ్ వచ్చింది. ఆజీ విజయగర్వంతో మరో చిప్ప తాగింది. నేను గీకుతూనే ఉన్నాను. చివరికి కొయ్య వచ్చింది. తెల్లగా, నున్నగా, ఉత్త కొయ్య.

"తాతా, అన్నిటికంటే కింద పసుపూ నలుపూ కలిసిన రంగు ఒకటి ఉండాలే?"

"అరే, ఆ జలిపోయిన రంగా!" ఆయన ముఖం చిట్లించాడు. "నడుమ బాగుంది, అంచులంతా కాలా కాలా. హోటల్‌లో వాయించే గోరావాడు ఆగ్‌లో పడ్డ గిటార్ నాకు అంటగట్టినాడు. నేను ఊరుకుంటానా? రెండు దినాలు సాండ్‌పేపర్ కొట్టి సాఫ్ చేసినా!"

కాలిపోవడం కాదు తాతా, దాన్ని కావాలనే అలా చేస్తారు అని చెప్పాను. ఆ నల్లటి అంచులకి అమెరికాలో ఇప్పుడు లారీ వస్తుందని, నా లౌటోకా ఉద్యోగం కూడా వాటి మీదే ఆధారపడిందని చెప్పాను. ఆజీ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"అంటే ఈ బుడ్ఢా రెండు దినాలు కూర్చొని ఒక లారీని సాండ్‌పేపర్‌తో రుద్దేసినాడు!"

తాత నవ్వలేదు. గిటారు అందుకుని, వైరు తెచ్చి గోడ పక్కనున్న పాత స్పీకరుకి తగిలించి, దగ్గుమందు మూత తిప్పాడు. భజనలో వాయించే వరస ఒకటి మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళుగా వందల గిటార్లు శ్రుతి చేసి అమ్మినవాణ్ణి, నోరు తెరిచి కూర్చున్నాను. అన్ని దీపావళుల రంగు మోస్తూ కూడా ఆ గిటారు గొంతు తేటగా ఉంది. ధ్వనిని పట్టే లోపలి తీగచుట్టలకు మాత్రం ఆయన రంగు వేయలేదు. బ్రష్షు దూరక వదిలేశాడట.

వరస అయ్యాక తాత గిటారు నా వైపు చాచాడు. "తీసుకపో బేటా. ఇంత దూరం వచ్చినావు, నీ నౌకరీ మాట ఉంది."

రంగు పోయినా ఈ గొంతుకైనా సేఠ్ ఎంతో కొంత ఇస్తాడు, లౌటోకా మాట కూడా నిలబెట్టుకోవచ్చు. నా చెయ్యి ముందుకు వెళ్ళింది కూడా.

"రేపు భజన్‌కి ఏం వాయిస్తావు, నీ ఎముకలా?" అంది ఆజీ.

తాత గిటారు వెనక్కి తీసుకోలేదు. ఆయన ఎడమచెయ్యి వేళ్ళు మాత్రం తీగల మీదే ఉన్నాయి, ఇచ్చేస్తున్న మనిషి వేళ్ళు కావవి.

"నాకొద్దు తాతా, గులాబీ రంగు మా సేఠ్‌కి పడదు" అన్నాను.

"అచ్ఛా. అయితే గీకింది ఎవరు?" అంది ఆజీ. బ్రష్షు తెచ్చి చేతికిచ్చింది.

గిటారు మూలకి రంగు వేశాను. బ్రష్షు తడి ఆరకముందే ఇంటి వెనక గోడ కూడా చూపించింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. కోట్లు వస్తాయని వెళ్ళినవాణ్ణి, గోడకి రెండు కోట్లు వేసి వాళ్ళింట్లోనే పడుకున్నాను.

పొద్దున ఆజీ నా ఖాళీ పెట్టె నిండా ఆనపకాయలు, బొబ్బర్లు కుక్కి పంపింది. లంబాసా పోస్టాఫీసు నుంచి సేఠ్‌కి ఫోన్ చేశాను.

"రంగు ఎలా ఉంది?"

"గులాబీ, సేఠ్."

లౌటోకాకి తన బావమరిది వెళతాడని చెప్పి పెట్టేశాడు.

తిరుగు ఓడలో రెయిలింగు పట్టుకుని నిలబడి, మా ఆవిడకి ఈ సంగతి ఏ వరసలో చెప్పాలా అని ఆలోచించాను. గోళ్ళలో గులాబీ రంగు పోలేదు. ఆ వరస మాత్రం చెవిలో తిరుగుతూనే ఉంది, కోపం తెచ్చుకుందామన్నా రానివ్వకుండా.

వాయినికోరో తప్పక చూడవలసిన చోటు. దారి తేలిక, భోజనం ఏ ఇంట్లో అడిగినా పెడతారు. దీపావళి ముందు వెళ్ళేవారు మాత్రం నాయుడుగారి వాకిట్లో ఎక్కువసేపు కదలకుండా నిలబడకండి. ఆయన చాలా శ్రద్ధగల మనిషి. ముందు సాండ్‌పేపర్‌తో మొదలుపెడతారు.