అత్త పంపిన అంకెలు

మా అత్త పోయింది. పోయిన నెల పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో, నేను మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లిన పది నిమిషాల్లో పోయింది. కాలి పుండు ముదిరి విషం ఒళ్లంతా పాకిందన్నారు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయాలనే కూర్చున్నాను. రాస్తాను. కాకపోతే ముందే చెప్పేస్తున్నాను, ఆవిడ మీద నాకింకా కోపం చల్లారలేదు.

అత్త మా నాన్నకి అక్క. అమ్మ లేని నన్ను పోర్ట్ బ్లెయిర్ ఆస్టినాబాద్‌లోని ఇంట్లో పెంచింది ఆవిడే. చేపలవాడితో హిందీలో బేరమాడేది, నన్ను మాత్రం తెలుగులో తిట్టేది. వానలో బడి నుంచి తీసుకొస్తూ గొడుగు నా నెత్తిన కాకుండా నా సంచీ మీద పట్టేది. అదేమిటత్తా అంటే, "నీకు జొరమొస్తే తగ్గిపోద్ది. పుస్తకం తడిస్తే మళ్లీ కొనాల" అనేది. అప్పుడు నవ్వొచ్చేది.

మామయ్యకి పదిహేనేళ్లు షుగరు. మొదట మాత్రలు, తర్వాత కళ్లు, ఆ తర్వాత కిడ్నీలు. ఇక్కడి డాక్టరు మెయిన్‌ల్యాండ్‌కి తీసుకెళ్లమని రాసినప్పుడల్లా ఓడెక్కి చెన్నై వెళ్లేవాళ్లు. అక్కడ గది అద్దె, ఆటోలు, పరీక్షలు, తిరుగు టికెట్టు కోసం ఎదురుచూపులు. బస్టాండు దగ్గర మామయ్య టైలరింగ్ షాపు పోయింది, అత్త గాజులు పోయాయి, చివరికి మామయ్యా పోయాడు. "షుగరు మనిషిని ఒక్కసారే తినేయదే అమ్మీ. ముందు ఇల్లు తింటాది" అంది అత్త ఆ రోజుల్లో.

తర్వాత ఆవిడకే షుగరని తేలింది. నేను బస్సులో ఒక పగలంతా దూరమైన డిగ్లీపూర్‌లో టీచర్ని, దగ్గరుండి చూసుకునే వీల్లేదు. అందుకని షుగరు చూసుకునే మిషను కొనిచ్చాను. నెలనెలా స్ట్రిప్పుల డబ్బా ఇంటికి అందేలా మెడికల్ షాపులో చెప్పాను. రోజూ పొద్దున్నే పరగడుపున చూసుకుని, మిషను మీద అంకె ఫొటో తీసి నాకు పంపాలన్నాను.

"రెండొందలు దాటిందా, లోను పెట్టయినా సరే చెన్నై తీసుకుపోతాను" అని బెదిరించాను కూడా.

"ఓలమ్మ! నీ కూతురు సదువు మాటేటి మరి?" అంది. మా అమ్మాయి విశాఖలో నర్సింగ్ చదువుతోంది.

"అది నేను చూసుకుంటాను, నువ్వు ఫొటో పంపు" అన్నాను.

పంపింది. రెండేళ్లు, ఒక్కరోజు తప్పకుండా, ఆరున్నరకల్లా. నూట నాలుగు. తొంభై ఎనిమిది. నూట పదకొండు. స్టాఫ్‌రూములో అందరికీ చూపించి గొప్పలు పోయేదాన్ని. సెలవులకి ఇంటికెళ్తే నేను లేచేసరికే పరీక్ష అయిపోయి ఉండేది. కుంటుతున్నావేమిటత్తా అంటే "కొత్త సెప్పు కరిసిందే" అనేది. నమ్మాను. ఎందుకు నమ్మనూ, ఫోన్లో అంకెలున్నాయి కదా!

ఆసుపత్రిలో చేర్చిన రోజు డాక్టరు, షుగరు ఎలా ఉండేది అని అడిగాడు. ఫోన్ తీసి ఇచ్చాను, కొంచెం గర్వంగానే. ఆయన ఫొటోలు చూశాడు, చేతిలోని ల్యాబ్ కాగితం చూశాడు. మూడు నెలల షుగరు చెప్పే పరీక్ష అది. "మేడమ్, ఈ అంకెలు ఈవిడవి కావు" అన్నాడు.

అత్త వైపు తిరిగాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మిషను పాడయిందేమో" అంది. మూడో రోజు పోయింది. పోయేదాకా ఆ మాటే.

అసలు సంగతి పదో రోజున తెలిసింది. పక్కింటి దీదీ వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది. రాంచీ వాళ్ల కుటుంబం, అత్త దగ్గరే తెలుగు నేర్చుకుంది.

"మీ అత్త దేవీ ఉండె, బేటీ. రోజ్ సుబహ్ నన్ను పిలిచి, వేలు పట్టుకుని షుగర్ చూసేది. ఫొటో భీ తీసేది. నా కొడుకులు ఎలా ఉన్నావని ఒక్కసారి కూడా పూఛా నహీ" అంది.

చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. చచ్చిపోయిన మనిషి మీద అంత కోపం వస్తుందా అని మీరు అడగొచ్చు. వచ్చింది. రెండేళ్లు రోజూ పొద్దున్నే పరాయి నెత్తురు చూపించి నన్ను మోసం చేసింది. నా డబ్బు మిగల్చమని ఎవరడిగారు ఈవిడని? నా కూతురు చదువు కోసం తన కాలు పణం పెట్టమని ఎవరన్నారు? పెంచిన మనిషి, ఒక్కమాట నాతో నిజం చెప్పలేకపోయిందా? నేను చెన్నై పేరెత్తి బెదిరించకపోతే చెప్పేదేమోనని కూడా అనిపిస్తుంది. అది మరీ బాధ.

మర్నాడు నేను బయల్దేరాలి. సరిగ్గా ఆరున్నరకి దీదీ వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"బేటీ, ఇవాళ నువ్వు చూస్తావా?"

దీదీ, అత్త నిన్ను వాడుకుంది, ఆవిడ చూసింది నీ కోసం కాదు అని చెప్పేద్దామనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ దీదీ అప్పటికే చెయ్యి చాచి, ముఖం రోడ్డు వైపు తిప్పేసుకుంది. "సూదిని చూస్తే నాకు డర్. అటు చూడమనేది మీ అత్త" అంది.

లోపలికెళ్లి మిషను తెచ్చాను. ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. వేళ్ల కొసల నిండా సన్నటి నల్ల చుక్కలు. ఆసుపత్రిలో మూడు రోజులు నేను పట్టుకు కూర్చున్న అత్త వేళ్ల మీద ఒక్క చుక్క లేదు.

గుచ్చడానికి ఖాళీ చోటు కోసం వెతుకుతూ ఉండిపోయాను. దీదీ రోడ్డు వైపే చూస్తోంది.