నేలతొట్టిలో కలోతీనా

కలోతీనా వీధిలో నడిచి వెళుతుంటే చెప్పుల చప్పుడే తప్ప ఆమె గొంతు ఎవరూ విని ఎరగరు. రొట్టెల పొయ్యి దగ్గర ఆడవాళ్ళు ఊరందరినీ ఉతికి ఆరేస్తుంటే, ఆమె తన రొట్టెలు తాను ఎత్తుకుని, తల ఒకసారి ఊపి వచ్చేసేది. అలాంటి మనిషి ఏడాదికి ఒక్కరోజు, ఈస్టరు పండగ అయిపోయి స్పాంజి పడవలు ఆఫ్రికా వైపు బయలుదేరే ముందు, రేవు కాఫీ దుకాణం పెరట్లో ఉన్న ఎండిన నేలతొట్టిలోకి దిగి, చచ్చినవాళ్ళందరి గొంతులతోనూ మాట్లాడేది.

ఆ తొట్టిని ఎప్పటివాళ్ళో వాననీళ్ళ కోసం కొండరాతిలో తొలిచారు. మూతి చిన్నది, లోపల పొట్ట పెద్దది. ఒక మూల రాతిలో బొరియ ఇంకా లోపలికి పోయింది. ఎంతదాకా పోయిందో దీపం పట్టుకుని చూసినవాళ్ళు లేరు. ఎప్పుడో అడుగు పగిలి నీళ్ళు నిలవడం మానేశాయి. లోపల నిలబడి ఒక మాట అంటే, అది కాస్త ఆలోచించుకున్నట్టు ఆగి, ఆ మూల నుంచి తిరిగి వచ్చేది.

కలోతీనా చిన్నప్పుడు వాళ్ళుండే కాలిమ్నోస్ దీవి ఇటలీవాళ్ళ చేతిలో ఉండేది. గ్రీకు చదువు సరిగ్గా సాగనిచ్చేవారు కాదు. ఆమెకి తన పేరు రాయడం, దుకాణం బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. యుద్ధమయ్యాక ఇటలీవాళ్ళు పోయారు. ఏథెన్సు నుంచి ఒక పంతులు వచ్చాడు. మన పాతకథ మనకే తెలియకపోతే ఎలాగని, పడవలు బయలుదేరే ముందు, సముద్రం అడుగునుంచి స్పాంజి కోసుకొచ్చే మునకగాళ్ళందరినీ కాఫీ దుకాణంలో కూర్చోబెట్టి, ఎన్ని వేల ఏళ్ళనాటిదో ఒక ఓడ సరంగు కథ ఉన్న పుస్తకాన్ని అప్పటి భాషలోనే చదివాడు. గొంతు మంచిదే. వినేవాళ్ళలో సగం మంది గురకపెట్టారు.

చివర్లో కలోతీనా భర్త థెమెలిస్ లేచాడు. అతనూ మునకగాడే.

"పంతులుగారూ, చాలా బాగా చదివారు. ఇంతకీ ఆ సరంగు ఇల్లు చేరాడా లేదా? అదొక్కటి చెప్పేస్తే ఇంటికి పోయి పడుకుంటాం. ఇక్కడ బల్లలు గుచ్చుకుంటున్నాయి."

పంతులు మంచివాడు, నవ్వేశాడు. ఇద్దరూ గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. పంతులు మామూలు మాటల్లో కథ చెప్పాడు. యుద్ధం ముగించుకుని వస్తున్న సరంగు దారి తప్పాడట. ఇంటికి దారి అడగడానికి చచ్చినవాళ్ళ లోకానికి పోయాడట. వాళ్ళకి తాగడానికి పోస్తేగానీ నోరు విప్పరట.

"ఇది మా కథే కదండీ," అన్నాడు థెమెలిస్. "దారి తప్పడం, కిందికి పోవడం, తాగించకపోతే మాట్లాడకపోవడం. మరి దీన్ని ఏడుపుగొంతుతో చదువుతారేం?"

మరుసటి ఏడు థెమెలిస్ సరంగు వేషం కట్టాడు. చిరిగిన రబ్బరు తొడుగు వేసుకుని, మునకగాళ్ళ ఇత్తడి టోపీకి బదులు ఇంట్లోని పెద్ద రాగిగిన్నె నెత్తిన బోర్లించుకుని, తొట్టి అంచున నిలబడ్డాడు. కింది నుంచి జవాబు చెప్పడానికి మనిషి కావాలి. ఇంటి ఇల్లాలు నలుగురిలో వేషం కట్టడం బాగుండదు, కానీ తొట్టిలో ఉంటే ఎవరికి కనబడుతుంది? అలా కలోతీనా దిగింది. ముసలి గొంతు, వీరుడి గొంతు, చంటిదాని గొంతు, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో అన్నీ బయటికొచ్చాయి. పైన జనం కడుపులు పట్టుకున్నారు. ఎవరో తెలియనట్టే అందరూ నటించారు.

"తొందరపడకే," అని నేర్పాడు థెమెలిస్. "ఒక మాట అని ఆగు. తొట్టిని కూడా తన మాట అననీ."

అప్పటినుంచి ఆ ఆట చూడందే పడవ ఎక్కేవాడు లేడు.

*

థెమెలిస్ పోయింది కిందటి వేసవిలో, ఆఫ్రికా ఒడ్డున డెర్నా ఎదుటి సముద్రంలో. పడవ మీద అతని తాడు పట్టుకున్నది స్నేహితుడు సకెలారిస్. శరత్కాలంలో పడవలు తిరిగొచ్చిన రోజున అతను నేరుగా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"నేను ఒక్కసారి గుంజాను వదినా, ఎలా ఉన్నావని. వాడూ ఒక్కసారి గుంజాడు, బాగున్నానని. కాసేపాగి మళ్ళీ గుంజితే తాడు తేలిగ్గా వచ్చేసింది. రాతి అంచుకి కోసుకుపోయింది. గాలిగొట్టం కూడా."

"బాగున్నానన్నాడా?"

"అన్నాడు."

తెగిన తాడుముక్క అతను చేతిలో పెట్టాడు. కలోతీనా దాన్ని మంచం పక్కన మేకుకి తగిలించింది. ఆ రోజే రాగిగిన్నె తీసి దాచేసింది. ఎక్కడ దాచిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ గిన్నెలోనే ఆ ఇంట్లో చచ్చినవాళ్ళ పేరుమీద గోధుమలు ఉడకబెడతారు. ఉడికిన గోధుమల్లో చక్కెర, దానిమ్మగింజలు, బాదం కలిపి గుడికి తీసుకెళ్ళి, పాదిరి పేరు చదివితే అందరికీ పంచుతారు. అది జరిగితేనే పోయినవాళ్ళకి అక్కడ కూర్చునే చోటు. అత్త ఎవ్దోకియా రోజూ ఆ మాటే ఎత్తేది.

"ఊళ్ళో పోయిన ప్రతివాడికీ గోధుమలు ఉడికాయి. నా కొడుకు ఒక్కడే నిలబడి ఉన్నాడే."

"ఎక్కడ అత్తా?"

"నన్నడుగుతావేం? ఏటేటా దిగి వచ్చేదానివి నువ్వు."

"బాగున్నానని చెప్పినవాడికి గోధుమలు ఎలా ఉడకబెడతాను?"

"పోనీ గిన్నె ఎక్కడుందో చెప్పు, నేనే పెట్టుకుంటాను."

కలోతీనా రాత్రి భోజనానికి మూడు కంచాలు పెట్టేది. పొద్దున్న లేచేసరికి కొన్నిసార్లు మేకుకున్న తాడు మెల్లగా ఊగుతూ ఉండేది, కిటికీలు మూసే ఉండేవి. ఎలుకలు అనేది అత్త. ఎలుక అయితే తాడు కొరకాలి కదా అనుకునేది కలోతీనా.

ఈస్టరు అయింది. సకెలారిస్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, సరంగు వేషం నేను కడతాను. నాకు వాడిలా రాదు, తెలుసు. కానీ ఆట లేకపోతే కుర్రాళ్ళు పడవ ఎక్కం అంటున్నారు. నువ్వు దిగాలి."

"అత్త పోరు పడలేక చావు నల్లబట్టలు కట్టుకున్నదాన్ని నవ్వించమంటావా?"

"నల్లబట్టలు తొట్టిలో ఎవరికి కనబడతాయి?"

అది అచ్చం థెమెలిస్ అనే మాటలా ఉంది. కలోతీనా అత్తవైపు తిరిగింది.

"దిగుతాను. చచ్చినవాళ్ళు పలికే చోటు అదే అంటావుగా. అక్కడ అతని జాడ లేకపోతే, నువ్వు ఇంక గోధుమల మాట ఎత్తకూడదు."

"ఉంటే?" అంది అత్త.

*

పడమటెండ పెరటి గోడ మీద ఉండగా కలోతీనా దిగింది. నిచ్చెన పైకి లాగేశారు. సరంగు చేతిలోని తాడు కొస కిందికి జారి ఆమె పాదాల దగ్గర చుట్టుకుని పడింది. లోపల చల్లగా, పాత నీళ్ళ వాసన. పైన గుండ్రటి వెలుగు, ఆ అంచున సకెలారిస్. గిన్నె దొరకలేదు కనక చేపలబుట్ట బోర్లించుకున్నాడు. అప్పుడే పిల్లలు నవ్వుతున్నారు.

"ఓ కిందివాళ్ళూ. దారి తప్పిన సరంగుని. ఇంటికి దారి చెప్పేవాళ్ళున్నారా?"

"ముందు వైను పొయ్యి," అంది కలోతీనా ఒక గొంతుతో. "నన్ను తొయ్యకే, నీకంటే ముందు చచ్చాను," అంది ఇంకో గొంతుతో. "స్పాంజి ధర ఎంతుందయ్యా పైన?" అంది మూడో గొంతుతో. పైన నవ్వులు మొదలయ్యాయి.

ప్రతి మాట తర్వాతా ఆగింది. మూల నుంచి మాట తిరిగొచ్చింది. తిరిగొచ్చిన గొంతు తనదే. ప్రతిసారీ చెవి పెట్టి విని, తనదేనని తేల్చుకుని, ఊపిరి వదిలింది.

తర్వాత ఆమె గొంతులోకి గుడ్డి జోస్యుడు వచ్చాడు. "ఎడమకి తిరుగు నాయనా."

"ఎడమకి కొండ ఉంది తాతా."

"ఉంటే ఉంటుంది. నేను చూశానా?"

మడమకి బాణం తగిలి చచ్చిన మహావీరుడు వచ్చాడు. "అంతటివాడివి, ఇక్కడేం చేస్తున్నావయ్యా?"

"చెప్పులు కుట్టేవాడి కోసం వెతుకుతున్నాను. మడమ దగ్గర చిరిగింది."

ఆ మాటకి పంతులు అందరికంటే గట్టిగా నవ్వడం వినబడింది. కలోతీనాకి గుండె తేలికపడింది. థెమెలిస్ ఇక్కడ లేడు. ఉంటే ఈపాటికి ఊరుకునే మనిషా?

ఇంక మిగిలింది తాగుబోతు. దారిలో మిద్దెమీంచి పడి చచ్చిన నావికుడు వాడు. తోటివాళ్ళు తొందరలో పాతిపెట్టకుండానే వదిలి వెళ్ళారు. పుస్తకంలో వాడే ముందు వస్తాడని పంతులు అన్నా వినకుండా, నవ్వు ఎక్కువని థెమెలిస్ వాణ్ణి చివర పెట్టాడు. ఏటా తానే పలికిన మాటలు. కలోతీనా ఎన్నడూ వాటి గురించి ఆలోచించలేదు.

"సరంగూ, నన్ను మర్చిపోయారు," అంది తాగిన గొంతుతో.

"నువ్వా? మేం పడవలో వస్తే మాకంటే ముందెలా వచ్చావురా?"

"మిద్దెమీంచి. దగ్గరి దారి."

నవ్వులు. ఆమె ఆగింది. మూల నుంచి 'దగ్గరి దారి' అని తిరిగొచ్చింది.

"లోపలికి పోయి కూర్చోరాదూ?"

"కూర్చోనివ్వడం లేదు. అందరికీ ఇంటి నుంచి గోధుమలు వచ్చాయి. నాకు రాలేదని గుమ్మంలోనే నిలబెట్టారు." ఆ మాట నోటినుంచి పోయాక, అది అత్త రోజూ అనే మాటేనని ఆమెకి తెలిసింది.

పైన సకెలారిస్‌కీ తెలిసినట్టుంది, కాస్త తడబడ్డాడు. కానీ ఆట ఆగకూడదు. "ఇంట్లో మీ ఆవిడ ఉందిగా. ఉడకబెట్టలేదా?"

తర్వాతి మాట 'గిన్నె దొరకలేదట'. అది విని థెమెలిస్ తన నెత్తిమీది రాగిగిన్నె తీసి, 'ఇదేనా?' అనేవాడు. ఏడాదికంతటికీ పెద్ద నవ్వు అది. కలోతీనా నోరు తెరవబోయింది. పెదాలు విడలేదు. పైన జనం కాచుకుని ఉన్నారు. ఎక్కడో ఒక పిల్ల కుర్చీ జరిపింది.

అప్పుడు మూల నుంచి చిన్న దగ్గు వినిపించింది. నవ్వించే మాట అనే ముందు థెమెలిస్ దగ్గే దగ్గు.

"గిన్నె ఉంది," అంది గొంతు. తాపీగా, పక్కింటివాడితో మాట్లాడుతున్నట్టు. "నా ఉన్నికోటులో చుట్టి నూనెకుండల వెనక పెట్టింది. కోటు చెమ్మ పడుతోంది, తీయమనండి."

పైన పెరడంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు లోపలికి దిగి, గోడలకి తగిలి, ఆమె చుట్టూ తిరిగింది. తగ్గాక, ఎవరో ఒక్కరి అడుగులు, వాటితో కర్ర చప్పుడు, పెరడు దాటి పోతూ వినబడింది. అత్త కర్ర చప్పుడు అది.

కలోతీనా మూలవైపు తిరగలేదు. అటు తిరిగితే ఏమీ కనబడదేమోనని భయం. ఏమైనా కనబడుతుందేమోనని కూడా.

పాదాల దగ్గర తాడు కదిలింది. సకెలారిస్ పైనుంచి ఒక్కసారి గుంజాడు. ఆటలో అది లేదు. ఎలా ఉన్నావని అడుగుతున్నాడు.

ఆమె తాడు అందుకుంది. అలవాటుగా ఒక్కసారి గుంజబోయి ఆగింది. పక్కటెముకలు విరిగి మోసుకొచ్చిన రోజున కూడా థెమెలిస్ బాగున్నాననే అన్నాడు. జ్వరంతో కాలిపోతూ బాగున్నానన్నాడు. ఇంట్లో పిండి అయిపోయిన రోజున కూడా. ఆ మనిషికి ఇంకో జవాబు ఎన్నడూ వచ్చింది కాదు. ఏ చోట ఉన్నా, ఎలా ఉన్నా, తాడు ఒక్కసారే గుంజేవాడు.

కలోతీనా తాడుని వరసగా గుంజింది. గుంజుతూనే ఉంది. మునకగాళ్ళ మాటలో అది, నన్ను పైకి లాగమని.

పైనుంచి నిచ్చెన దించారు. పైకి వచ్చాక ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "అచ్చం మీ ఆయనలాగే అన్నావే తల్లీ, ఆ దగ్గుతో సహా," అంది ఒకామె, ఈసారి తెలియనట్టు నటించకుండానే. సకెలారిస్ మాత్రం చేపలబుట్ట తీసి చంకలో పెట్టుకుని, మొహం సున్నంకొట్టినట్టు నిలబడ్డాడు.

"కోటు మాట నువ్వు ముందే అనుకున్నావా వదినా?"

"నా నోరు మూసే ఉంది సకెలారీ."

అతను సిలువ గుర్తు వేసుకున్నాడు.

*

ఇంట్లో అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో రాగిగిన్నె. కోటు కుర్చీ వెనక్కి ఆరేసి ఉంది.

"నువ్వే చెప్పావుగా చోటు," అంది అత్త.

"నేను చెప్పలేదు అత్తా."

ముసలామె కోడలి మొహంలోకి చూసింది. తర్వాత గిన్నె అంచుని తలగుడ్డ కొసతో తుడవడం మొదలుపెట్టింది.

కలోతీనా కోటు అంచు పట్టుకు చూసింది. తడిగా ఉంది. వేలు నాలుకకి తాకించుకుంది. ఉప్పు. ఆ దీవిలో ఏ చెమ్మకైనా ఉప్పు రుచే, అది ఆమెకీ తెలుసు. చేయి కడుక్కుని గోధుమలు పళ్ళెంలో పోసింది. అత్తాకోడళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, రాళ్ళు ఏరారు. పొయ్యి ముట్టించింది కలోతీనాయే. ఆదివారం గుడిలో పాదిరి థెమెలిస్ పేరు చదివాడు. ఆ తర్వాతే పడవలు కదిలాయి.

కలోతీనా చాలా ఏళ్ళు దిగింది, మోకాళ్ళు నిచ్చెనకి ఒప్పుకున్నంత కాలం. రాగిగిన్నె మళ్ళీ సరంగు నెత్తికెక్కింది. తాగుబోతు మాటల దగ్గర, 'మీ ఆవిడ ఉందిగా' అని సకెలారిస్ అన్నాక, ఆమె కొంచెం ఆగేది. పైన అతనూ ఆగేవాడు. చూసేవాళ్ళు అది ఆటలో భాగమనుకునేవారు. ఆమె మూలవైపు చెవి పెట్టి వినేది. దగ్గు రాదు. ఏమీ రాదు. కూర్చున్నాడన్నమాట, అనుకునేది. అప్పుడు తాగుబోతు గొంతు పెట్టి, "గిన్నె దొరకలేదట," అనేది, పైన జనం విరగబడి నవ్వేవారు.