మడమ సొట్ట

మేం కామారెడ్డి దవాఖానల దిగిన పొద్దు ముసురు. ఎల్లారెడ్డి బస్సు దిగినకాడికెంచి గేటు దాకా బురద. నా ఒక చేతుల ట్రంకుపెట్టె, ఒక చేతుల మా ఆయన రెక్క, సంకల ఫ్లాస్కు.

ఆయన ఫౌజుల హవల్దారు, వైర్‌లెస్ పని. సరిహద్దుల మందుపాతర పేలి మోకాలి కింద ఎడమ కాలు పోయింది. ఫౌజోళ్లిచ్చిన కాలుతోనే ఇన్నేండ్లు నడిచిండు. ఒకసారి అది వానకు తడిస్తె పొయ్యికాడ ఆరవెట్టి, మడమ కరగవెట్టుకున్నడు. సొట్ట వడ్డది. ఇప్పుడు మోకాలి కింద మిగిలిన మొండి సన్నవడి, దానికి తొడిగే కాలిగిన్నె వదులై పుండైంది. అది మాన్పి కొత్త కాలు పెడ్తమన్నరు.

మాకు మూలమంచం ఇచ్చిండ్రు. కిటికీకి రెక్క లేదు, ప్లాస్టిక్ కవరు కట్టిండ్రు.

"నీ పోస్టింగ్ గిదే. సంత్రీవి నువ్వే. రిపోర్టియ్యి," అన్నడు.

"చాయ్ వచ్చింది. సక్కెర లేదు. దుష్మన్ కిటికీలకెంచి ఉరుస్తున్నడు."

"చివరికి ఓవర్ అనాలె."

"ఓవరు లేదు గీవరు లేదు. తాగు."

పక్క మంచం మీద మారుతి నవ్విండు. బిచ్కుంద దిక్కు కూలిమనిషి. నూర్పిడి మిషన్ల పడి ఆయనకూ ఎడమకాలే పోయింది, మోకాలి కిందికే. కోసినదానికి సర్కారు కార్డు నడిచింది. కాలు పెట్టుడుకు నడవదన్నరు. నన్ను వాళ్ల దిక్కు మాటల వైనీ అనేటోడు, అంటే వదిన. రోజు ఒకటే అడిగేటోడు: "నాట్లకు నిలవడ్తనా వైనీ?"

మారుతికి కోసిన కాడ పుండు మానింది. కాలు లేక మనిషి మంచం దిగుడు లేదు.

మా ఆయన పుండు మానింది, కొలతలు తీసిండ్రు. స్టోరాయన కొత్త కాలు పట్టుకొచ్చిండు. "పాతది జమ చెయ్యి హవల్దార్. తుక్కుల పోతది."

"పాదం గట్టిగుంది, గొట్టం గట్టిగుంది. తుక్కెట్లయితది? మారుతికియ్యిండ్రి, గిన్నె ఒక్కటి కొత్తది పోస్తె అయితది."

"రూల్ లేదు."

"అయితే నాకూ తొడగకుండ్రి."

నాకు మండింది. "నెత్తురు పోసినోనివి నువ్వు! అందరికీ అదే కాలైతే సిపాయికేం ఇజ్జత్?"

"మిషన్ల పోయిన నెత్తురు తెల్లగుంటదా? నాకు అన్నం పెట్టింది గసొంటి చేతులే గద."

నేను ఫ్లాస్కు పట్టుకొని చాయ్‌కు పోయిన.

కొత్త కాలు మంచం కింద, మా ఆయన మంచం మీద. పెద్ద డాక్టరమ్మ రౌండుకొచ్చింది. "ఏంది హవల్దార్, హర్తాళా?"

"కాదు మేడం. మా ఫౌజు లంగర్ల, బువ్వ కాడ, మనుషులందరికీ రొట్టె పడ్డంకనే హవల్దారు పళ్లెం పట్టాలె. నా పక్కోని పళ్లెం ఖాళీగుంది."

డాక్టరమ్మ మారుతి మొండి చూసింది. పాత కాలు తిప్పి తిప్పి చూసింది. "పొయ్యిల పెట్టినవా దీన్ని?" అని నవ్వింది. స్టోరాయన దిక్కు తిరిగి, "పాతది పేషంట్ ఉంచుకున్నడని రాయి. గిన్నె పోసుడు నా పని," అన్నది.

కొత్త గిన్నె పోసినంక మారుతి ఆ పాత కాలు తొడిగి, కటాంజనం పట్టుకొని నిలవడ్డడు. ఒక అడుగేసిండు, ఇంకొకటేసిండు. నా దిక్కు చూసి, "వైనీ, ఓవర్!" అన్నడు. వార్డంత నవ్వు.

ఎల్లారెడ్డి బస్సుల మా ఆయన కొత్త కాలు సాపి, తేట మొఖంతోని కూసున్నడు. "మంచి పని చేసినవ్," అన్న నేను. "ఇది దయనే. ఎవలూ పాతది అడుక్కోకుండ అందరికీ కొత్తదే ఇస్తే అది న్యాయం," అన్నడు. గంత మాటని కిటికీకి తల ఆనిచ్చి నిద్రవోయిండు.

మొన్న చలికాలం ఆయన పోయిండు. దినాలకు మారుతి వచ్చిండు, నాట్లేసిన మనిషి, బియ్యం మూట భుజం మీద పెట్టుకొని. చెప్పులు గేటు కాడ విడిచిండు. పొద్దుగాల నేను సాన్పు చల్లిన వాకిలి ఇంక పచ్చిగనే ఉండె. మారుతి లోపలికి పోయినంక చూసిన. కుడి పాదం అచ్చు నేనెరుగనిది. ఎడమది నాకెరుకైనదే. మడమ కాడ సొట్ట.

ఆ పొద్దు వాకిలి ఊడవలేదు. కండ్లు మూస్తే ఇప్పటికీ గదే కనవడ్తది: గేటు కాడికెంచి మా ఇంట్లకు నడిచొచ్చిన ఎడమ పాదం.