అరగ్రాము గారి బ్రేకుల మార్పిడి

తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషిని వీధి వీధంతా అరగ్రాము గారనే పిలుస్తుంది. ఎదురుగా కాదు, ఆయన మలుపు తిరిగాక. త్రాసు అరగ్రాము మొగ్గు చూపిందని ఒక మందుల షాపుకు తాళం వేయించిన ఘనత ఆయనది. ఉద్యోగకాలంలో ఆయన వేల తప్పులు రాశాడు. అన్నీ ఎదుటివాళ్లవే. 'తప్పు నాది' అనే మాట ఆయన నోట విన్నవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు.

అంత కచ్చితమైన మనిషికి ఉన్న కారు మాత్రం ఎక్కడ ఆగుతుందో దానికే తెలియదు. వయసులో ఆయన కంటే రెండేళ్లు చిన్నది. నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ము బ్రేకులు. ఇంటి ముందు ఆపాలంటే పక్క వీధిలోనే పెడల్ మీద కాలు వేయాలి. వానాకాలంలో అయితే భోంచేస్తున్నప్పుడే వేయాలని గిట్టనివాళ్లు అంటారు. పైగా బ్రేకు వేస్తే బండి ఎడమవైపు లాగేది. ఆ వైపు ఇళ్లవాళ్లు ప్రహరీలు కాస్త వెనక్కి జరిపి కట్టుకున్నారు.

ఒకనాడు భార్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. కారు ఆసుపత్రి దాటి, మందుల కొట్టు దాటి, శవపేటికలు చేసే వడ్రంగి గుమ్మం ముందు ఆగింది. వడ్రంగి టేపు పట్టుకుని ఆదరంగా బయటికి వచ్చాడు. "ఇక్కడైతే నీడగా ఉంటుందని ఆపాను" అన్నాడు అరగ్రాము గారు. ఆవిడ దిగి, మళ్లీ ఈ కారెక్కితే ఒట్టు అని, నడిచి ఇంటికి వచ్చింది. వస్తూ వస్తూ పాత ఇనుము వ్యాపారితో మాట్లాడి మరీ వచ్చింది.

"నెలాఖరు ఆదివారం పొద్దున్నే లారీ వస్తుంది" అని చెప్పింది భర్తతో. "ఈలోగా అది ఆగడం నేర్చుకుంటే ఉంటుంది. లేకపోతే పోతుంది. మీ ఇష్టం."

అరగ్రాము గారికి ఆ రాత్రి అన్నం దిగలేదు. ఆ కారు తప్ప ఆయన మాటకు ఎదురు చెప్పని ప్రాణి ఇంట్లో మరొకటి లేదు. తెల్లారేసరికి నిర్ణయం తీసుకున్నాడు. ముందు చక్రాలకు డ్రమ్ములు పీకేసి డిస్కులు పెట్టాలి. చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్లేన్ని కాలిపర్ అనే దవడ రెండువైపులా కరిచి పట్టుకుంటుంది, బండి ఆగుతుంది. ఇంత చిన్న విషయానికి మెకానిక్ దేనికని ఆయన అభిప్రాయం.

డిస్కులూ కాలిపర్లూ పాత బండ్ల సంతలో దొరికాయి. వాటిని బిగించే బ్రాకెట్లు మాత్రం కొత్తగా చేయించాలి. ఆవిడ తమ్ముడికి లేత్ షాపు ఉంది. బావగారు బొమ్మ గీసిచ్చాడు, బామ్మర్ది అచ్చంగా అలాగే చేసిచ్చాడు. బిగించడానికి నేనూ వస్తాను బావా అంటే, చేసిపెట్టమన్నది బ్రాకెట్టు, సలహా కాదని అరగ్రాము గారు తలుపేసుకున్నాడు.

ముందు చక్రాలు ఊడదీసి, కారును దిమ్మల మీద నిలబెట్టి, బిగింపు రెండు రోజుల్లో ముగించాడు. అసలు కథ గాలి దగ్గర మొదలైంది. బ్రేకు ఆయిల్ గొట్టంలో గాలి చిక్కుకుంటే పెడల్ దూది దిండులా లోపలికి పోతుంది. ఆ గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర కూర్చుని కాలిపర్‌కున్న చిన్న మర విప్పాలి. బామ్మర్దిని పిలవడానికి అహం అడ్డొచ్చింది. మిగిలింది భార్య.

"ఎక్కనని ఒట్టేసుకున్నావుగా" అన్నాడు నసుగుతూ.

"చక్రాలు లేని కారంటే నాకేం భయం?" అంటూ ఆవిడ కొంగు బిగించి ఎక్కి కూర్చుంది.

తొక్కు, పట్టు, వదులు. ఎనిమిది రోజులు ఇదే పారాయణం. ఆయిల్ డబ్బాలు ఖాళీ అవుతున్నాయి, పెడల్ మాత్రం దిండులాగే ఉంది. మొదట ఆయిల్ కల్తీదన్నాడు. తర్వాత సంతవాడికి మూడు నకళ్లు జతచేసి నోటీసు పంపాడు. ఐదో రోజున బరువు చూసుకునే మిషను తెచ్చి పెడల్‌కూ భార్య పాదానికీ మధ్య ఇరికించి, మొదటి తొక్కుడు పన్నెండు కిలోలు, ఏడోది తొమ్మిదిన్నర, లోపం ఎక్కడుందో తేలిపోయిందన్నాడు. ఆవిడ ఆయన వంక చూసిన చూపుకు మిషను ముల్లు కూడా సున్నాకు వచ్చి నిలబడింది.

ఆరో రోజున లేత్ షాపుకు వెళ్లి, పనివాళ్లందరి ముందూ, అర అంగుళం కొలవడం చేతకానివాడు బ్రాకెట్లు చేస్తే ఇలాగే ఉంటుందని బామ్మర్దిని కడిగేశాడు. అతను లేత్ వైపు తిరిగి పని చేసుకున్నాడు. సాయంత్రం అక్కకు ఫోన్ చేసి మాత్రం, ఇరవై ఏళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న ముసలి మేస్త్రీ తన మొహంకేసి చూడలేకపోయాడని చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం కాళ్లు తిమ్మిరెక్కి ఆవిడ కిందికి దిగింది. చక్రం ఊడదీసిన చోట పీట వేసుకుని కూర్చుని కాలిపర్‌ను తేరిపార చూసింది.

"ఏమండీ, పొయ్యి మీద నీళ్లు మరిగితే బుడగలు ఎటు పోతాయి?"

"పైకి."

"మరి గాలి తీసే మర అడుగున పెట్టారేం?"

అరగ్రాము గారు వంగి చూశాడు. అవతలి వైపు వెళ్లి చూశాడు. అక్కడా అడుగునే ఉంది. కుడి చక్రానికి ఎడమ కాలిపర్, ఎడమ చక్రానికి కుడి కాలిపర్. ఎనిమిది రోజులుగా గాలి పైన హాయిగా పడుకుని ఉంది, ఆయన కింది నుంచి ఆయిల్ వదులుతున్నాడు.

ఆయన మెల్లగా పానా అందుకున్నాడు. ఆవిడ ఆ పానాను లాక్కుని కొంగులో చుట్టుకుంది.

"ముందు మా వాడికి చెప్పి రండి. ఆ పనివాళ్ల ముందే."

"ఫోన్లో చెబుతాను."

"తిట్టింది ఫోన్లో కాదుగా. పానా అక్కర్లేదంటే చెప్పండి, లారీవాణ్ణి ఇప్పుడే రమ్మంటాను."

లేత్ షాపుకు పది నిమిషాల నడక. ఆయన మూడు పావుగంటలు నడిచాడు. గుమ్మంలో నిలబడి, మిషను హోరులో కలిసిపోయేలా, ఏదో గొణిగాడు. బామ్మర్ది మిషను ఆపేశాడు. మేస్త్రీ కూడా తన మిషను ఆపేశాడు.

"ఏంటి బావా, వినపడలేదు."

"బ్రాకెట్లు బాగానే ఉన్నాయి. కాలిపర్లు నేనే తారుమారు చేశాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాది."

మేస్త్రీ తల వంచుకుని మళ్లీ పనిలో పడ్డాడు. బామ్మర్ది నవ్వు ఆపుకోవడానికి గుడ్డతో మొహమంతా తుడుచుకుని, ఆ గుడ్డకున్న గ్రీజంతా పూసుకుని, పద బావా అని తన పానాలు సర్దుకున్నాడు. పొద్దు గుంకే లోపలే కాలిపర్లు వాటి వాటి పక్కలకు చేరాయి. పదిసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా గట్టిపడింది.

ఆదివారం పొద్దున లారీ వచ్చి వీధి మొగలో నిలబడింది. ఆవిడ గేటు దగ్గర నిలబడింది. అరగ్రాము గారు వీధి చివర నుంచి కారు తెచ్చి, అలవాటు కొద్దీ పెడల్ మీద బలమంతా పెట్టి తొక్కాడు. కారు ఆవిడ ముందు మేకు దిగ్గొట్టినట్టు ఆగిపోయింది. ఆయన మాత్రం ఆగలేదు. కళ్లజోడు ఎగిరి అద్దానికి కొట్టుకుంది, నుదురు స్టీరింగు మీద వాలింది.

పాత ఇనుము వ్యాపారి నోరెళ్లబెట్టాడు. లారీ వెనక్కి తిప్పుకోమని వాడికి చెప్పి, ఆవిడ ముందు తలుపు తీసి కూర్చుంది. ఒక కాలు ఇంకా రోడ్డు మీదే ఉంచింది.

"భలే ఆగింది సార్" అన్నాడు వ్యాపారి కిటికీలో తల పెట్టి. "ఎవరు బాగుచేశారు?"

అరగ్రాము గారు ఛాతీ విరుచుకున్నాడు. నోరు తెరిచాడు. పక్కకు చూశాడు. ఆవిడ కాలు ఇంకా బయటే ఉంది.

"మా బామ్మర్ది" అన్నాడు. ఆ కాలు కదల్లేదు. "మా ఆవిడ కూడా. తప్పెక్కడుందో పట్టుకుంది ఆవిడే."

ఆవిడ కాలు లోపలికి తీసుకుని తలుపేసింది.