మచ్చు నమ్మని బుల్లయ్య

బుల్లయ్య మచ్చును నమ్మడు. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లుగా సరుకు చూసే పని ఆయనది. రైతు టిక్కీ బస్తా మూతి విప్పి, పైన నిగనిగలాడే కాయలు గుప్పెడు మచ్చుగా తీసి చూపిస్తే వాటి వంక కన్నెత్తి చూడడు. చొక్కా చేయి పైకి మడిచి, భుజం దాకా టిక్కీలోకి దూర్చి, అడుగున దాక్కున్న కాయను పట్టుకొస్తాడు. అందుకే ఆయన కుడిచేతిని సొంతూరు సత్తెనపల్లి దోమలు కూడా కుట్టవనీ, తెలియక వాలినవి తుమ్ముకుంటూ ఎడమచేతి మీదికి పోతాయనీ వదిన గురవమ్మ చెబుతుంది.

పెళ్లి సంబంధానికి ఫోటో పంపితే "ఇది మచ్చు" అని తిప్పి పంపాడట. పెళ్లిచూపుల్లో పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంటే, "ఇదీ మచ్చే. ఇవాళ తలంటి పోసుకుని కూర్చుంది. చెప్పకుండా ఇంకోసారి వస్తా" అన్నాడట. అన్నట్టే వెళ్లాడు. శివపార్వతి గేదెను కడుగుతోంది. దొడ్డిగోడ మీంచి తొంగిచూసే తలకాయ ఎవరిదో తెలియక బకెట్టెడు నీళ్లు కుమ్మరించింది. "ఇదీ సరుకు" అని తడిబట్టలతోనే తాంబూలాలు అడిగాడు బుల్లయ్య.

అన్నగారి ఇంట్లో తగువు కూడా ఆయన అలవాటు వల్లే అన్నేళ్లు తేలకుండా ఉండిపోయింది.

ఆ రోజుల్లో గురవమ్మ పొద్దు తగువుతోనే మొదలయ్యేది. ఆమె కాఫీ గ్లాసు అందించేది, భర్త అంకయ్య వంటింటి గోడ మీది క్యాలెండర్లో తారీఖు చించేవాడు. ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన తొంభై తొమ్మిది నాటి క్యాలెండరు అది. దాని మీద ఎవరో పేరుమోసిన చిత్రకారిణి వేసిన బొమ్మ. నలుగురు ఆడవాళ్లు మట్టినేల మీద కూర్చున్నారు. ముందున్న ఎర్రచీర ఆమె తల వంచి ఒళ్లోకి చూస్తోంది. సరిగ్గా ఆమె చేతులు ఉండాల్సిన చోటే తారీఖుల కట్ట కొట్టారు.

"మిరపకాయల తొడిమలు తీస్తోంది" అనేది గురవమ్మ.

"రవిక కుట్టుకుంటోందే. మిరపకాయలైతే ఆ మొహం అంత నిమ్మళంగా ఉంటుందా? ఈపాటికి నాలుగు తుమ్ములు తుమ్మి ఉండేది."

"నేను తుమ్ముతున్నానా?"

"నీకు ముక్కెక్కడిది, అంతా నోరే గదా."

మధ్యలో బుల్లయ్య వస్తే ఇద్దరూ తీర్పు అడిగేవాళ్లు. "బొమ్మకు అచ్చు అంటే మచ్చే వదినా. అసలు సరుకు చూడందే నేను మాట్లాడను" అని కాఫీ తాగి వెళ్లిపోయేవాడు.

డిసెంబరు ముప్పై ఒకటిన ఆఖరి కాగితం చిరిగింది. కింద చేతులు లేవు. 'అన్ని రకముల ఎరువులు, పురుగుమందులు లభించును' అని ఉంది. అంకయ్య ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. "ఎప్పటికైనా అసలు బొమ్మ చూపించి నిన్ను ఓడిస్తానే" అన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే, తగువు తేల్చకుండానే, ఒక మధ్యాహ్నం గుండె ఆగి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో పొద్దున కాఫీ వాసన రాలేదు. గురవమ్మ లేస్తూనే చాట ముందేసుకుని తొడిమలు తీసేది. ఇంట్లో కాయలైపోతే పక్కింటివాళ్లవి తెచ్చుకునేది. వీధిలో ఎవరు కారం పట్టించినా ఆ కాయలు ఆమె చేతుల మీదుగా పోవలసిందే. చేతులు ఆగితే ఏమవుతుందోనని ఆమెకు భయం.

రెండువేల మూడు జనవరిలో బుల్లయ్య గోనెసంచీ ఒకటి భుజాన వేసుకుని దిగాడు.

"ఢిల్లీ పార్టీకి మచ్చులు చూపించాలి వదినా. శివపార్వతికి రైలు పడదు. వండిపెట్టడానికి నువ్వు రావాలి."

"హోటళ్లు లేవా అక్కడ?"

"ఉంటే? గిన్నె అడుగు చూడనిస్తారా?"

బెజవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. ఢిల్లీలో ఏ పార్టీ ఇంటికీ వెళ్లలేదు. దిగిన మర్నాడు పొద్దున ఒక పెద్ద మేడ ముందు ఆటో ఆపించాడు. లోపల గోడల నిండా బొమ్మలు. గురవమ్మ గుమ్మంలోనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. చూసి బుల్లయ్యా విప్పాడు.

మొదటి గదిలో మనుషులూ లేరు, చెట్లూ లేవు. గోడంత ఎరుపు, అంతే. బుల్లయ్య అలవాటుగా చొక్కా చేయి మడిచాడు. కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"దూర్ సే, దూర్ సే."

"దూరం నుంచి చూపించేది మచ్చు గద నాయనా" అన్నాడు బుల్లయ్య తెలుగులో. చెయ్యి దించాడు గానీ కదల్లేదు. పది నిమిషాలు నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు: "వదినా, దీనికి అడుగు లేదు. పైన ఎంతో లోపలా అంతే."

ఆయన ఒక సరుకును ముట్టుకోకుండా ఒప్పుకోవడం గురవమ్మ ఎరగదు.

పక్క గదిలో వాళ్లు నలుగురూ ఉన్నారు.

క్యాలెండర్లో జానెడున్న ఆడవాళ్లు ఇక్కడ మనుషులంత ఉన్నారు. గురవమ్మ రెండడుగులు దగ్గరికి జరిగింది. రంగు నున్నగా లేదు, ఎత్తుపల్లాలుగా ఉంది. నేల అలికినప్పుడు వేళ్లు వదిలే చారల్లాంటి చారలు. ఎవరో ఇప్పుడే అలికి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లినట్టుంది. ఎర్రచీర నిజంగా ఎర్రచీర కాదు. అందులో నలుపుంది, పసుపుంది, పొయ్యిలో ఆరిపోబోయే నిప్పు ఉంది. గురవమ్మ చాలాసేపు ఆ మొహం దగ్గరే ఆగిపోయింది. చూపు కిందికి దించడానికి ధైర్యం చాల్లేదు. ఆఖరికి దించింది.

ఒళ్లో మిరపకాయలు లేవు. రవికా లేదు. రెండు చేతులు, ఒకదాని మీద ఒకటి. ఖాళీగా.

"ఏం చేస్తోందయ్యా ఈమె?"

"ఏం చెయ్యట్లేదు వదినా. కూర్చుంది."

"మీ అన్న ఓడిపోయాడు."

"నువ్వో?"

"నేనూ ఓడిపోయాన్లే" అంది గురవమ్మ. నవ్వొచ్చింది. పక్కన అంకయ్య ఉంటే ఎంత గట్టిగా నవ్వి ఉండేవాడో, కాపలా మనిషి ఎలా పరుగెత్తుకొచ్చేవాడో కనిపించింది.

తిరుగు రైల్లో చలి కొరికేసింది. బుల్లయ్య గోనెసంచీ విప్పి కొత్త శాలువా తీసి వదిన మీద పడేశాడు. శాలువాతో పాటు దారం కట్టిన ఉత్తరాల కట్ట జారిపడింది. కొన్ని శివకాశి నుంచి, క్యాలెండరు అచ్చేసిన ప్రెస్సువాళ్లు రాసినవి. పైదాని మీద ఢిల్లీ బొమ్మల మేడవాళ్ల ముద్ర. ఏడాదిన్నర ఉత్తరాలు. సంచీలో మిరపకాయ ఒక్కటి లేదు.

"మచ్చులేవయ్యా బుల్లయ్యా?"

బుల్లయ్య కిటికీలోంచి చీకట్లోకి చూశాడు. "నేను మచ్చును ఎప్పుడు నమ్మాను వదినా?"

ఇంటికొచ్చేసరికి పక్కింటి సైదాబీ వసారాలో పెద్ద గంపెడు కాయలు పెట్టి వెళ్లింది. మర్నాడు పొద్దున బుల్లయ్య వచ్చేసరికి గుమ్మం దాకా కాఫీ వాసన. గురవమ్మ గోడ మీది ఆ పాత క్యాలెండరు కింద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

"సైదాబీ కాయలు?"

"ఇవాళ తియ్యను."

బుల్లయ్య నమ్మలేదు. చొక్కా చేయి మడిచి, భుజం దాకా గంపలోకి దూర్చి, అడుగు నుంచి ఒక కాయ పైకి తీశాడు. తొడిమ అలాగే ఉంది. వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఇదీ సరుకు" అని, కాఫీ గ్లాసు కోసం ఎడమచెయ్యి చాపాడు.