పరిగెత్తిన కళ్లం

ఎస్.కోటలో సంగీతం పాఠాలు చెప్పుకునే నేను గొడుగు కూడా ఎవరికీ ఎరువివ్వను. అలాంటిదాన్ని, శ్రీకూర్మం వెళ్లడానికి ముక్కూమొహం తెలియని మనిషి కారులో సీటు బుక్ చేసుకున్నాను. ఖాళీ సీట్లు పంచుకునే యాప్‌ను మా శిష్యురాలు నా ఫోనులో పెట్టింది. బస్సు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఉదయం ఎనిమిదింటికి విజయనగరం కోట దగ్గర ఎక్కాను. కారు రామినాయుడిది. శ్రీకూర్మం పక్క ఊరి రైతు, కూతుర్ని కాలేజీలో దింపి తిరిగి వెళ్తున్నాడు. రణస్థలంలో ఇడ్లీలు తిని బయటికొచ్చేసరికి సముద్రం వైపు ఆకాశం నల్లబడింది. అతని ముఖమూ నల్లబడింది.

"ధాన్యం కళ్లంలో ఆరబెట్టీసినానమ్మా. తడిస్తే మొలకలొచ్చీస్తాయి. మా ఇంటిదొక్కర్తే ఉన్నాది."

చుట్టుపక్కల ఊళ్ల రైతులు ట్రాక్టర్లు, ధాన్యం మీద కప్పే బరకాలు ఇచ్చిపుచ్చుకునే వాట్సాప్ గ్రూపులో "బరకాలు కావాలర్రా" అని గొంతు రికార్డు చేసి, చోటు మ్యాపులో పంపాడు. మళ్లీ బయలుదేరాం.

నాగావళి వంతెన మీద ఫోను మోగింది. "ఒరే మావా, నీ కళ్లం పరిగెడతాందేటిరా? ఎచ్చెర్ల కాణ్నించి ఎనకే వస్తన్నాం, అందట్లేదు!"

రామినాయుడు నెత్తి కొట్టుకున్నాడు. కళ్లం చోటు బదులు కారుతో పాటు కదిలే లైవ్ లొకేషన్ పంపేశాడట. వెనక్కి తిరిగి చూస్తే నీలం బరకాలు కట్టుకుని ఆరేడు బైకులు! నాకు నవ్వాగలేదు.

"అమ్మా, ముందు కళ్లానికి పోనీమంటారా?"

"ఇంకా అడుగుతావేం నాయనా, పోనీ!"

కళ్లంలో అతని భార్య ఒక్కతే ధాన్యం పోగుచేస్తోంది. అందరూ దిగారు. నేనూ చీర దోపి ఒక బరకం కొస పట్టుకున్నాను. ఆఖరి రాయి పెట్టేలోగా వాన దంచేసింది. గింజ తడవలేదు.

"వీళ్లంతా చుట్టాలా?" అన్నాను.

"సగం మందిని ఇయ్యాలే సూస్తన్నానమ్మా. ఎనకటికి నా పనికి నువ్వు, నీ పనికి నాను, బదులంటే మా ఈదోళ్లమే. ఈ ఫోను మా ఈదిని ఎచ్చెర్ల దాకా సాగదీసీసింది."

మధ్యాహ్నం స్వామి దర్శనం చేసుకుని, నాలుగింటికి శ్రీకాకుళంలో విజయనగరం బస్సెక్కాను. ఒళ్లో మడతపెట్టిన బరకం ఒకటి. కళ్లంలో మిగిలిపోయింది. ఇప్పుడు మబ్బు రణస్థలం వైపు జరిగింది, బరకం కావాలని అక్కడి రైతొకాయన గ్రూపులో అడిగాడు. "ఈసారి కదిలేదే పంపాలమ్మా" అని బస్సెక్కిస్తూ రామినాయుడు నా ఫోనులోంచే ఆయనకు లొకేషన్ పెట్టించాడు.

రణస్థలంలో బస్సు ఆగీ ఆగగానే చినుకుల్లో ఒకాయన కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఎస్.కోట సంగీతం అమ్మగారేనా?"

నన్నెవరో వెతుక్కుంటూ రావడం భలే గర్వంగా అనిపించింది. బరకం అందించాను. ఆయన తల తడుస్తోంది. బస్సు కదులుతుంటే గొడుగు కూడా చేతిలో పెట్టేశాను. పేరు అడగలేదు.

ఎస్.కోటలో దిగి ఇంటిదాకా తడుస్తూ నడిచాను.