బిడ్డకు నీళ్లు పోసింది నేను

“నిన్నటియ్యన్నీ రాసినావా?”

“రాసినా. నువ్వు చెప్పింది చెప్పినట్టే రాసినా. పో, ఎండెక్కతా ఉంది.”

మా ఆయనా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలివే. నేను పల్లెపాలెం నుంచి తిరిగొచ్చేసరికి చర్చి ఆఫీసు బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే తెలిసింది.

చర్చి వాళ్లు పుస్తకం వేస్తున్నారట. అయ్యగారి గురించి, అంటే మా ఆయన గురించి, నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. మంచి మాటలు వాళ్ల దగ్గర చాలానే ఉన్నాయి. నేను జరిగింది చెబుతాను.

ఆయన బిట్రగుంటలో రైల్వే గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరం కలిసి దేవుడి పని చేద్దామని విడవలూరు దిక్కున సముద్రం ఒడ్డు చర్చికి వచ్చాం. ఆఫీసు వెనక గదిలో కాపురం. ఆయన మోకాళ్లు అరిగిపోయాయి, కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి. బాప్తిస్మం సర్టిఫికెట్లు, పెళ్లి ఉత్తరాలు, వచ్చినవాళ్లకు సమాధానం, అవన్నీ ఆయన పని. ఇసకలో పాలెం దాకా నడిచి ఇల్లిల్లూ తిరగడం నా పని. చేపలమ్ముకుని ఆడవాళ్లు ఇళ్లు చేరే వేళకు పోయేదాన్ని. ప్రభువును నమ్మినవాళ్ల ఇళ్లకూ పోయాను, నమ్మనివాళ్ల ఇళ్లకూ పోయాను.

రాసుకోలేను కదా, ఇంటికొక ముడి కొంగుకు వేసుకునేదాన్ని. జబ్బున్న ఇల్లయితే పెద్ద ముడి. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్కో ముడి విప్పుతూ ఒక్కో ఇంటి సంగతి చెప్పేదాన్ని. ఆయన డైరీలో రాసేవాడు. ఆరేళ్లు అలా చెప్పాను. ఏం రాశావో చదువని ఒక్కనాడూ అడగలేదు. మొగుడు రాస్తుంటే అనుమానమెందుకు? ఆయన పోయిన రోజు కూడా కొంగుకు మూడు ముడులున్నాయి. అవి ఎవరికి చెప్పను?

జ్ఞాపకార్థ కూడికలో సంఘపెద్ద ఆ డైరీ తెచ్చి చదివాడు. “ఈ దినం నేను పాలెంలో అయిదు ఇండ్లు దర్శించితిని.” నా చెవులకేమైనా అయిందేమో అనుకున్నాను. పేజీ తిప్పాడు. “నేను ముసలమ్మకు గంజి తాగించితిని.” నేను, నేను, నేను. ఇంకో పేజీ. “నేను బాలింతరాలి ఇంటికి వెళ్లి, ప్రార్థన చేసి, పదకొండు దినముల బిడ్డకు నీళ్లు పోసితిని.”

వెనక పాలెం ఆడవాళ్లు కూర్చున్నారు. చేపలమ్మే ఆమె ఒకతె గట్టిగానే అంది.

“ఏందీ, అయ్యగారు బిడ్డకి నీళ్లు పోసినాడా? కాళ్లు చాపుకోని కూసున్నాడా యేంది?”

“కూసుంటే మళ్లా లేపింది ఎవురే?” అంది పక్కనామె.

చావు కూడికలో నలుగురూ కిసకిసా నవ్వారు. నా ముఖం మండిపోయింది. ఆ బిడ్డను నా కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, నీళ్లు పోసింది నేను. నా నోటి నుంచి విని, ‘మా ఆవిడ పోసింది’ అని రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. పోయిన మనిషిని తిట్టకూడదంటారు. నేను తిడుతూనే ఉన్నాను.

అంతటితో ఆగితే నోరు మూసుకునేదాన్నేమో. వారం తిరక్కముందే సంఘపెద్ద గదికి వచ్చాడు.

“అమ్మగారూ, కొత్త దంపతులు వస్తా ఉన్నారు. ఇళ్లకి పోయే పని ఇంక ఆ అయ్యగారు చూసుకుంటాడు. మీరు విశ్రాంతి తీసుకోండి.”

“ఆ పని చేసింది నేనయ్యా.”

“డైరీలో అట్లా లేదు గదమ్మా. అయినా భార్యాభర్తలు ఏకశరీరం. ఎవురు చేస్తే యేంది?”

“ఏకశరీరమైతే ఆ మోకాళ్ల నొప్పి నాకూ రావాల గదా? రాలా. అందుకే నేను నడిచినా.”

“మీరు బాధలో ఉండారు,” అని లేచిపోయాడు.

కోపంలో ఉన్నాను. ఇంకా ఉన్నాను. నాకు సన్మానం వద్దు, శాలువా వద్దు. ఆరేళ్లు ఆ ఇళ్లకు పోయింది నేనేనని అచ్చులో ఉండాలి. అప్పుడు నేను రేపు పాలెం పోతే, ఎందుకొచ్చావని అడిగే నోరు ఉండదు.

ఇక్కడికొచ్చేసరికి మా పిల్ల కలం ఆపింది.

“పెద్దమ్మా, పెదనాన్న పోయి నెల కూడా కాలా. ఇద్దరూ కలిసి చేసినారని రాద్దామా? వినేదానికి బాగుంటది.”

“నువ్వూ ఆయన మాదిరే తయారైనావా? నేను చెప్పింది రాయి.”

తల వంచుకుని రాస్తోంది. ఏం రాస్తోందో నాకేం తెలుసు? ఏమే, రాసింది చాల్లే. కాగితం ఇటు తిప్పు. మొదటి నుంచి చదువు, గట్టిగా, ఒక్క మాట మింగకుండా. నేను వింటా.